టీవీకి పెట్టిన పసుపు బొట్టు

రెండో టీవీ వచ్చిన రోజు పొద్దున్న, అట్టపెట్టె ఇంకా మా గుమ్మం దాటకముందే, అమ్మ తన పీట, కళ్ళజోడు, చింతపండు బుట్ట పట్టుకుని వెనక వసారాలోకి వెళ్ళిపోయింది. ఆమెను ఎవరూ వెళ్ళమనలేదు. "ఎక్కడికమ్మా ఇప్పుడు?" అని అరిచాను. "గింజలు తియ్యాల కదా, పురుగు పట్టేస్తాది," అంది నా వైపు చూడకుండా. ఆ చింతపండు నెల రోజులుగా అటక మీద ఉంది. దానికి అంత తొందర ఆ గంటకే ఎందుకొచ్చిందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. గడప అవతల, ఇటు వీపు పెట్టి కూర్చున్న ఆ మనిషిని చూస్తే నాకు మరో వీపు కళ్ళ ముందుకొచ్చింది. అది మా నాన్నమ్మది. అప్పుడు నాకు పన్నెండేళ్ళుంటాయేమో. ఆ రోజూ ఇంట్లోకి టీవీయే వచ్చింది.

శృంగవరపుకోటలో మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధి అరుగు, ముందు గది, నడవ, ధాన్యం గది, వంటిల్లు, ఆ వెనక నుయ్యి. కళ్ళు మూసుకుని నడిచినా ఎక్కడున్నానో ముక్కుతో చెప్పేదాన్ని. ముందు గదిలో నాన్న తలనూనె, ఆయన పొలం నుంచి తెచ్చిన బురద వాసన. ధాన్యం గదిలో ఎండు వేపాకు. వంటింట్లో పులిసిన చోడి అంబలి, అంటే రాగి జావ. వీటన్నిటినీ కప్పేసి ఇల్లంతా పసుపు. కొండల మీంచి సంతకు దిగే ఆడవాళ్ళ దగ్గర అమ్మ ఏడాదికి సరిపడా పసుపు కొమ్ములు కొనేది. ఉడకబెట్టి, పెరట్లో తుంగచాపల మీద ఎండబెట్టి, రోట్లో పోసి తనే దంచేది. ఆ వారం మేం తాగే నీళ్ళు కూడా పసుపు వాసన వేసేవి. నా నోటు పుస్తకాల అట్టల మీద అమ్మ వేలిముద్రలు ఉండేవి, బళ్ళో పిల్లలు నవ్వేవాళ్ళు, నేను వాళ్ళతో తగువు పెట్టుకునేదాన్ని. తగువు పెట్టుకోవడం నాకు అక్కడే అలవాటైంది, ఆ తరువాత మానలేదు.

శుక్రవారం వస్తే అమ్మ చిన్న ఇత్తడి గిన్నెలో పసుపు కలుపుకుని ఇల్లంతా తిరిగేది. గడపకి, పొయ్యికి, నూతి గట్టుకి, తిరగలికి, కుట్టుమిషనుకి, నాన్న సైకిలు హేండిలుకి. "పని సేసేదానికి బొట్టెట్టకపోతే అది మన మాటెందుకింటాది?" అనేది. పసుపు చిక్కగా కలిపితే ఆమెకు నచ్చేది కాదు. చిక్కటిది ఎండి రాలిపోతుంది, పలచటిది చెక్కలోకి ఇంకి నిలుస్తుంది అని ఆమె సిద్ధాంతం. నీళ్ళగా కలిపి, రెండు వేళ్ళు ముంచి, ఒక్క దెబ్బకి పెట్టేసేది. చుక్క కింద చిన్న తోకలా కారేది. మా ఇంట్లో ప్రతి చెక్క వస్తువు మీదా ఆ తోక ఉండేది. పెళ్ళయి నేను వచ్చేశాక ఎవరింట్లోనైనా గుండ్రంగా, పొందికగా పెట్టిన బొట్టు చూస్తే అది నాకు బొట్టులా అనిపించేది కాదు.

నాన్నమ్మ చేతికి మాత్రం ఆ గిన్నె వెళ్ళేది కాదు. నేను పుట్టకముందే తాతయ్య పోయాడు. ఆమె ధాన్యం గది గుమ్మంలో కూర్చుని అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. నోట్లో నిప్పు పెట్టుకుని ఆవిడ మాట్లాడగలిగేది, తిట్టగలిగేది, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని పేలు కూడా చూడగలిగేది. మా వీధిలో ఆవిడ నోటికి జడవని వాళ్ళు లేరు. నా నోరు ఆవిడదే అని అందరూ అంటారు. అంత నోరున్న మనిషి, అమ్మ ఇత్తడి గిన్నె తీసిన మరుక్షణం మాట లేకుండా లోపలికి లేచి వెళ్ళిపోయేది.

మా మొదటి టీవీ నాన్న విజయనగరంలో కొన్నాడు. బస్సు టాపు మీద వేస్తే పగిలిపోతుందని బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దానికీ ఒక టిక్కెట్టు తీసుకుని తెచ్చాడు. చెక్క పెట్టె, పక్కకి జరిపే చెక్క తలుపులు, వాటి వెనక బూడిద రంగు అద్దం. వీధి వీధంతా మా ముందు గదిలోకి దిగింది. అమ్మ తలంటుకుని, గిన్నె పట్టుకుని వచ్చి, నడవ వైపు చూసి మెల్లగా అంది. "అత్తా, పూజయ్యేదాక కాసింత లోపలుండు." నాన్నమ్మ అప్పటికే లేచింది. "ఉంటానే. నాకు తెల్దేటి?" అంది. నేను "ఎందుకూ?" అన్నాను. అమ్మ నా నెత్తి మీద మొట్టింది. పూజంతా అయ్యేవరకు నేను టీవీని చూడలేదు. ధాన్యం గది తలుపు సందులోంచి గోడకేసి తిరిగి కూర్చున్న ఆ వీపునే చూశాను.

ఆ తరువాత ఆమె టీవీతో స్నేహం కలుపుకుంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే తలుపులు జరిపి, అద్దం మీద దుమ్మును తన చీర కొంగుతో తుడిచేది. అందులో కనబడే తన ముఖాన్ని చూసుకునేదో ఏమో, చాలాసేపు తుడిచేది. పట్టుమని పది రోజులు కాలేదు, టీవీలో బొమ్మ పైకీ కిందికీ తిరగడం మొదలుపెట్టింది. ఆపైన బొమ్మే లేదు, ఇసకపోసినట్టు చుక్కలు, గరగరమని చప్పుడు. వీధిలో ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, సాయంత్రానికి మాట అరుగు ఎక్కింది. "ముసల్ది రోజూ కొంగెట్టి తుడిసిందంట. ఇంకేటి ఉంటాది?" ఆ మాట నాన్నమ్మ వింది. వీధిలోకి వెళ్ళి నలుగురినీ కడిగేస్తుందని నేను ఎదురుచూశాను. ఆవిడ చుట్ట కూడా ముట్టించలేదు. ధాన్యం గదిలోకి వెళ్ళి పడుకుంది. అన్నం వద్దంది. అంబలి వద్దంది.

నాన్న మళ్ళీ విజయనగరం వెళ్ళాడు. ఆ షాపాయన మంచివాడని నేను చెప్పను, రెండు రోజులు తిప్పించాడు, నీ ఊళ్ళో కరెంటు మంచిది కాదన్నాడు, యాంటెన్నా వంకరన్నాడు. కాని మూడో రోజు మొదటి బస్సుకి ఒక మనిషిని పంపాడు. అప్పలరాజు అని, సన్నగా, పొడుగ్గా, భుజాన రేకు పెట్టె. వచ్చి, టీవీ వెనక చెక్క విప్పి, నాన్నను లైటు పట్టుకోమన్నాడు. లోపల దుమ్ము, వేడి, టంకం పొగ, ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మధ్యలో అంబలి తాగాడు, ఉల్లిపాయ కొరికాడు, నాన్నతో వర్షాల గురించి మాట్లాడాడు. పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్తే అమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. చాలాసేపు కడుక్కున్నాడు. టంకం మరక అంత తొందరగా వదలదు కాబోలు అనుకున్నాను.

తిరిగి వచ్చి అరుగు మీద పోగైన ఆడవాళ్ళందరి ముందూ నడవలోకి చూసి గట్టిగా పిలిచాడు. "పెద్దమ్మా, ఓ పెద్దమ్మా, ఇలా రా. నీ సెయ్యి తగిలి పోయిందని ఏడుస్తన్నావంట? నీ సెయ్యి ఏటీ సెయ్యలేదు. లోపల పార్టు కంపినీ నుంచే పాడై వచ్చినాది. నువ్వు దుమ్ము తుడవకపోతే ఇంకా ముందే పోయేది. రా, నువ్వే ఏయి సుచ్చి." నాన్నమ్మ వచ్చింది. మూడు రోజుల పస్తు, గోడ పట్టుకుని నడిచింది. స్విచ్చి వేసింది. కాసేపు ఏమీ లేదు, తరువాత మెల్లగా ఒక ఆవిడ ముఖం తేలి వార్తలు చదవడం మొదలుపెట్టింది. "ఓలమ్మో, నాకేసే సూస్తన్నాదే!" అంది నాన్నమ్మ. అందరూ నవ్వారు. వీధిలో ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ పోయేదాకా మా టీవీ స్విచ్చి ఆవిడదే.

తెలిసినవాడు, పని తెలిసినవాడు, నలుగురిలో ఒక నిజం చెబితే అది మనిషిని ధాన్యం గదిలోంచి బయటకు తెస్తుందని నేను ఆ రోజు నేర్చుకున్నాను. నేను సివిక్స్ చదవడానికి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పిల్లలకు హక్కుల పాఠం చెప్పడానికి, ఆఫీసుల్లో బల్లలు గుద్ది కాగితాలు రాయించుకోవడానికి అదే మూలం. ఆ నమ్మకం మీద నా జీవితం కట్టుకున్నాను అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

నాన్న పోయినప్పుడు అమ్మ నుదుటి బొట్టు దగ్గర నేను పెట్టిన గొడవ మా బంధువులు ఇంకా మరచిపోలేదు. పదకొండో రోజున మా మేనత్త పసుపు కుంకుమల మాట ఎత్తింది. "ఒసే, నీ సదువు నీ కాలేజీలో ఎట్టుకో. ఇది ఇల్లు," అంది. "ఇల్లు కాబట్టే చెబుతున్నాను, మా అమ్మ ముఖం మీద మీకు పనేంటి?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. గెలిచాను. గాజులు ఉండిపోయాయి, చిన్న బొట్టు ఉండిపోయింది. అమ్మను విజయనగరంలో మా ఇంటికి తెచ్చేసుకున్నాను. కాని ఇత్తడి గిన్నె ఆమె ముట్టలేదు. ఏడాది తిరిగింది. శుక్రవారాలు మా గడప వట్టిగానే ఉండేది, నాకు పెట్టడం చేతకాదు, పెట్టినా గుండ్రంగా వస్తుంది.

పాత టీవీ మూలపడితే పెద్దది కొన్నాను. నాకు టీవీ చూసే తీరిక లేదు, అమ్మ కోసమే. ఇంకా నిజం చెప్పాలంటే ఆ గిన్నె కోసం. గోడకు బిగించి మనిషి వెళ్ళగానే అమ్మను పట్టుకున్నాను. "పెట్టు." "నేను కాదులే, నువ్వెట్టు." "నువ్వు పెట్టకపోతే ఈ టీవీ ఈ ఇంట్లో వెలగదు." "మొండి ముండా, వదిలీ నా సెయ్యి." వదల్లేదు. చివరికి నవ్వింది. కొండ పసుపు తీసి, తన పద్ధతిలో, పలచగా కలిపింది. రెండు వేళ్ళు ముంచి నల్లటి అంచు మీద మూడు బొట్లు పెట్టింది. ఆ చెయ్యి ఆడిన తీరు, అదే ఒక్క దెబ్బ, అదే తోక. నేను ఫోటో తీశాను. తీసి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, మేనత్త చూడాలని. చూసింది. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పుకుంటే సిగ్గేస్తోంది.

తొమ్మిదో రోజున తెర మీద కింది నుంచి ఒక గీత లేచింది. పదో రోజుకి సగం తెర నల్లబడింది. నేను షోరూముకి ఫోను చేస్తే కంపెనీ నంబరు ఇచ్చారు. కంపెనీకి చేస్తే తెలుగుకి ఒకటి నొక్కమన్నారు, నొక్కితే హిందీ వచ్చింది. ఆరు రోజులకు ఒక టెక్నీషియన్ వచ్చాడు. కిందికి వంగి, ఫోనులో లైటు వేసి, అంచు అడుగున చూశాడు.

"లోపలికి నీళ్ళెల్లినాయి మేడం."

"నీళ్ళా? గోడ మీదున్నదానికి నీళ్ళెవరు పోస్తారండీ?"

"ఇదేటి మరి?" అని వేలితో చూపించాడు. అంచు కింద ఎండిపోయిన పసుపు చార.

"పసుపు. మీ ఇంట్లో కొత్త సామాను కొంటే పెట్టరా?"

"పెడతాం మేడం. మా అమ్మ అట్టపెట్టెకి పెడతాది," అన్నాడు. వెటకారం లేదు, ఉన్న మాట చెప్పాడు. ఈ సన్నటి టీవీలకు అడుగు అంచు లోపలే ప్రాణమంతా ఉంటుందట, ఒక్క చుక్క దిగినా చాలట. "చెక్క టీవీలు కావు కదా మేడం."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోందని నాకు అప్పుడు తెలిసింది. నాలుగడుగులు ముందుకు వచ్చి అడిగింది. "నాయినా, ఎవులెట్టినా పోద్దేటి?" అతను ఫోనులో ఏవో గళ్ళు నింపుతున్నాడు, తల ఎత్తలేదు. అమ్మ తన కుడి చేతిని కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళింది. అతను తల ఎత్తి "ఎవరు పెట్టినా పోతాది మామ్మా" అని ఉంటే, నాలుగు మాటలు, ఇదంతా నేను రాయనక్కర్లేదు.

మర్నాటి నుంచి ఇంట్లో చిన్న చిన్న మార్పులు. గిన్నె మళ్ళీ పై అరలోకి వెళ్ళింది. దేవుడి దగ్గర దీపం నన్ను పెట్టమంది. మిక్సీ నన్ను వెయ్యమంది, "నాకు దాని సంగతి తెల్దు," అని. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మిక్సీ ఆమే వేస్తోంది. పక్కింటి కోడలు సీమంతానికి పిలవడానికి వస్తే పడుకున్నట్టు కళ్ళు మూసుకుంది. పొద్దున్న నేను కాలేజీకి బయల్దేరే వేళకు గుమ్మంలోకి రావడం మానేసింది. ఎదురు రాకూడదని. నాకు, సొంత కూతురికి! మొదటిసారి కనిపెట్టినప్పుడు వెనక్కి వచ్చి వంటింట్లో ఆమెను పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చాను, ఎదురుగా నిలబెట్టి మరీ వెళ్ళాను. ఆ రోజు స్కూటరు పంక్చరైంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడంతో నేను ఎలా వాదించాలి?

"నాన్నమ్మ సంగతి గుర్తు లేదా నీకు? అప్పలరాజు ఏమన్నాడు? పార్టు కంపెనీ నుంచే పాడై వచ్చిందన్నాడా లేదా?" అన్నాను.

"అన్నాడు," అంది అమ్మ. అని, పొయ్యి మీద లేని పాలు చూడడానికి లేచింది.

నాకు కావలసింది అలాంటి ఒక్క ముక్క. షోరూముకి వెళ్ళి మేనేజరు ముందు కూర్చున్నాను. చల్లటి నీళ్ళసీసా ఇచ్చాడు. "మీరు మాకు దేవుడితో సమానం మేడం," అన్నాడు. "దేవుడికైతే పసుపు పెట్టొద్దంటారా?" అన్నాను. నవ్వాడు. "నాకు డబ్బు వద్దండీ. టీవీ కూడా వద్దు, మీ గోడకే తగిలించుకోండి. ఇది తయారీలో లోపం అని తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి, చాలు." అతని ముఖంలో నవ్వు పోయింది. "డబ్బయితే చూడొచ్చు మేడం. కాగితం మాత్రం మా చేతుల్లో ఉండదు." నీళ్ళు లోపలికి వెళ్ళేంత పసుపు కాదని రుజువుగా, ఆ రోజు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూపించాను. నా తెలివి చూడండి. "ఒకసారి పంపండి మేడం, పైవాళ్ళకి చూపిస్తాను," అన్నాడు. పంపాను. నాలుగు రోజులకు కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. అందులో నా ఫోటోయే. టీవీ అంచు కింద వేలాడుతున్న ఒక పసుపు చుక్క చుట్టూ ఎర్రటి సున్నా చుట్టారు. అన్నిసార్లు ఆ ఫోటో చూశాను, ఆ చుక్కను నేను చూడలేదు. అందులో అమ్మ ముఖాన్నే చూస్తూ వచ్చాను. వాళ్ళు ముఖం కత్తిరించేశారు. సున్నా పక్కన అమ్మ రెండు వేళ్ళు మిగిలాయి.

ఆ తరువాతి నెలల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతి మనిషికీ మొదటి నుంచి. చెప్పడం అయ్యాక, మా సేవ ఎలా ఉందో చుక్కలు ఇవ్వమని మెసేజీ. పూర్వం షాపువాళ్ళు మాత్రం తక్కువ తిప్పించలేదు. కాని అక్కడ తిట్టడానికి ఒక ముఖం ఉండేది. ఆ ముఖం తిట్లు పడలేక బస్సెక్కించి మన ఇంటికి ఒక మనిషిని పంపేది, వాడు మన అంబలి తాగేవాడు, ఇంట్లో ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో వాడి చెవిన పడేది. ఇప్పుడు నేను ఎవరితో పోట్లాడుతున్నానో నాకే తెలియదు. నోరు ఉండి ఏం లాభం?

చివరికి వినియోగదారుల కమిషనుకి వెళ్తున్నానని నోటీసు పంపితే మెత్తబడ్డారు. టీవీ మారుస్తామన్నారు. మెయిలు ఇంగ్లీషులో ఉంది. నష్టం వాడకం వల్లే జరిగింది, సంస్థకు బాధ్యత లేదు, అయినా ప్రత్యేకంగా ఆలోచించి మారుస్తున్నాం అని.

"ఏటి రాసినారు?" అంది అమ్మ.

"మార్చేస్తారట. తప్పు తమదే అని రాశారు."

"సదువు."

ఫోను పట్టుకుని తెలుగులో చదివాను, చక్కగా, కంపెనీ క్షమాపణతో సహా. అమ్మ విని తల ఊపింది. "సదివినప్పుడు నీ కళ్ళు కదల్లేదే," అంది. నా జన్మలో అమ్మతో ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ ఒక్కటీ ఆడకుండా ఉండవలసింది.

అలా వచ్చింది రెండో టీవీ. బిగించడానికి వచ్చినతను కొత్తవలస మనిషి, నలభై దాటి ఉంటాయి. మేకు కొడుతూ, "పాతదేటైంది మేడం?" అని అడిగాడు. చెప్పాను. సుత్తి ఆపి నా వైపు తిరిగాడు. "ఆ మోడలా? ఈ రెండు నెలల్లో నేనే నాలుగు మార్సినాను మేడం. ఒకటి సర్చిలోది, దానికెవరు పసుపెట్టినారు? ఆ ప్యానలే అంత. మమ్మల్ని సెప్పొద్దంటారు."

"ఆ ముక్క మా అమ్మకు చెప్పండి. ఇంకేమీ వద్దు, మీ పేరు కూడా అడగను," అన్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో, సుత్తి కింద పెట్టి నాతో వసారాలోకి వచ్చాడు. అమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, నీ సెయ్యి వల్ల కాదమ్మా. ఆ టీవీ కంపినీ నుంచే పాడై వచ్చినాది. నువ్వేటీ మనసులో ఎట్టుకోకు," అన్నాడు. మాటలు కూడా దాదాపు అవే! ముప్పై ఏళ్ళకు పైబడి నేను మోస్తున్న మాటలు. అమ్మ చేతిలో చింతపండు అలాగే ఉంది. అతని ముఖంలోకి చూసి, "మంచిది నాయినా. సల్లగుండు," అంది. నాతో "ఆ బాబుకి టీ ఇయ్యి," అంది.

అతను వెళ్ళాక ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "విన్నావా?"

"ఇన్నాను."

"మరి? ఇప్పటికైనా లే. గిన్నె తీస్తాను."

"నువ్వే కదే సెప్పమన్నావు?"

"చెప్పమన్నాను. కాని అతను చెప్పింది నిజం. నాతో ముందే, తనంతట తనే..."

"నిజమే అయ్యుంటాది," అంది అమ్మ. ఒక గింజ తీసి పళ్ళెంలో వేసింది. ఇంకొకటి తీసింది. "నుయ్యి కాడ అప్పలరాజు సేతులు కడుక్కుంటంటే నేనూ అలాగే అన్నానే సరోజా. బాబూ, మా అత్త మూడు రోజులై కూడు ముట్టలేదు, ఆవిడ సెయ్యి కాదని నలుగురిలో ఓ ముక్క సెప్పు నాయినా, నీకు పున్నెముంటాది అన్నాను. సెయ్యి నీళ్ళలో ఎట్టుకుని ఇన్నాడు. పాపం, మంచోడు. సెప్పినాడు."

"మరి ఆ పార్టు?"

"ఏ పార్టో నాకేటి తెల్సు? నేనడగనూ లేదు, ఆడు సెప్పనూ లేదు." పళ్ళెం తన వైపు జరుపుకుంది. "మీ నాన్నమ్మ నమ్మినాది. అదే పదివేలు. ఆవిడని లోపలుండమన్నది నేనే కదా. బయటికి తేవాల్సింది కూడా నేనే కదా."

చెప్పించిన మాట ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఆ మాటను పుట్టించినదే ఆమె. ఇంక ప్రపంచంలో ఏ మెకానిక్ వచ్చి ఏ నిజం చెప్పినా, దాని వెనక చెంబుతో నీళ్ళు పోస్తున్న ఒక ఆడమనిషి ఆమెకు కనిపిస్తూనే ఉంటుంది. అందులోనూ నా లాంటి కూతురు, నోరున్న కూతురు, మెయిలు తప్పుగా చదివిన కూతురు పక్కనే నిలబడి ఉంటే. నేను కూడా చింతపండు ముద్ద ఒకటి తీసుకుని గింజలు తీయడం మొదలుపెట్టాను. లోపల ముందు గదిలో, కొత్త టీవీలో, ఎవరూ చూడకుండానే రంగురంగుల చేపలు ఈదుతున్నాయి.

ఆ టీవీకి బొట్టు లేదు. నేను పెట్టలేదు, పెట్టాల్సిన మనిషి పెట్టలేదు. అమ్మ సీరియలు వేళకు వసారా గడప దగ్గరే పీట వేసుకుంటుంది. అక్కడి నుంచి తెర సగమే కనిపిస్తుంది. మాట్లాడేవాళ్ళు ఆ కనిపించే సగంలో లేకపోతే గొంతులు విని సరిపెట్టుకుంటుంది. దగ్గరికి రమ్మంటే "ఇక్కడ గాలొస్తాది" అంటుంది.

నేను మాత్రం పొద్దున్న లేవగానే ముందు గదిలోకి వెళ్ళి దాన్ని వేసి చూస్తాను. కింది అంచు నుంచి గీత ఏదైనా లేచిందేమోనని దగ్గరికి వంగి, కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతుకుతాను. ఎవరి చెయ్యీ పడని ఈ టీవీ కూడా పాడైపోవాలి. ఒక్క గీత రావాలి. అప్పుడు అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించగలను, నేనేమీ మాట్లాడనక్కర్లేదు. నెలలు గడిచాయి. ఒక్క మచ్చ లేదు. నిక్షేపంలా పనిచేస్తోంది.